మా వదిన వాళ్ళమ్మ వేరుశనగ పులుసు

రంగూన్‌లోని అహ్లోన్ పేటలో మా అన్నం కొట్టుకు వచ్చేవాళ్ళంతా "నాయనమ్మ పులుసు" అని ఏళ్ళ తరబడి అడిగి తిన్న వంట మా నాయనమ్మది కాదు. అది మా వదినది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మా వదిన వాళ్ళమ్మది. ఆవిడ పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశంలో, టేమా అనే రేవుపట్నంలో ఉండేది. ప్రతి ఆదివారం ఆ పులుసు కాచి, అన్నం మెదిపి ముద్దలు చేసి ఇంటిల్లిపాదికీ పెట్టేది. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆవిడ వంటతో నా కొట్టు నిలబడింది. అయినా అది ఆవిడదని చాలా ఏళ్ళపాటు ఒక్కరితోనూ అనలేదు. అనకుండా ఊరుకోవడంతో ఆగినా కొంత నయంగా ఉండేది. అది మా నాయనమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చిన వంట అని నా నోటితో నేనే చెప్పాను.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా వాళ్ళలో ఎవరో కొట్టులో కూర్చుని ఫోనుతో వీడియో తీసి, రంగూన్ తెలుగువాళ్ళు కాపాడుకున్న పాతకాలపు వంట అని పెట్టారు. అది ఇంకా తిరుగుతూనే ఉంది. విశాఖపట్నంలో ఉన్నవాళ్ళు కూడా చూసి మురిసిపోతున్నారట. మా వీధిలో నిజం చెప్పేశాను. వీధి బయట ఉన్నవాళ్ళకు ఇక్కడ చెబుతున్నాను. ఎవరి పేర్లూ రాయను. వదిన వద్దంది.

మా తాత శ్రీకాకుళం నుంచి ఈ అహ్లోన్ నది ఒడ్డు బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి వచ్చినవాడు. మా నాన్న కూడా రేవులోనే పనిచేశాడు. రేవు వదిలి సముద్రం మీదికి వెళ్ళిన మొదటివాడు మా అన్న. సరుకు ఓడల్లో ఇంజన్ గది పని అతనిది. ఒకసారి ఓడ చెడిపోయి టేమాలో నెలల తరబడి ఆగిపోయింది. రేవు గేటు దగ్గర ఒక తల్లీ కూతురూ నడిపే అన్నం కొట్టు ఉండేదట. అన్న అక్కడే తినేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ తిండి గురించే చెప్పేవాడు.

"అన్నం ముద్దలు సేసి పెడతార్రా ఇక్కడ. సేత్తోనే తింటారు. చెంచా అడిగితే నవ్వుతారు" అనేవాడు.

ఆ కూతురే మా వదిన. అన్న ఆమెను పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చిన రోజు మేమంతా మింగళాడోన్ విమానాశ్రయానికి వెళ్ళాం. మా అమ్మ కోడలి వైపు చాలాసేపు చూసింది. ఏమంటుందోనని నేను భయపడుతున్నాను. అమ్మ అన్న వైపు తిరిగి, "ఈ పిల్ల ఏటి తింటాదిరా?" అంది. అంతే. ఆవిడ బెంగంతా అదే.

వదిన తెలుగు నేర్చుకున్నది మా అమ్మ దగ్గర. అందుకని ఆమెది అచ్చంగా మా అమ్మ తెలుగు. గోడ అవతలి నుంచి వింటే శ్రీకాకుళం మనిషి మాట్లాడుతోందనుకుంటారు. బజారులో ఆమె కూరల బేరం ఆడుతుంటే మా వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. చూశాక నవ్వేవారు. వదిన కూడా వాళ్ళతోపాటు నవ్వేది. ఆ నవ్వులు రెండూ ఒకటి కావని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆదివారాలు వంట ఆమెది. ముందు కోడి ముక్కల్ని ఉప్పు, అల్లం, ఉల్లి ముద్దతో కలిపి నీళ్ళు పొయ్యకుండా వాటి ఊటలోనే మగ్గనిస్తుంది. తర్వాత నీళ్ళు పోసి, టమాటాలు, ఉల్లిపాయలు, పండుమిరపకాయలు కొయ్యకుండా అలాగే అందులో వేస్తుంది. అవి మెత్తబడ్డాక గరిటెతో ఏరి బయటికి తీసి, నూరి, వడకట్టి, మళ్ళీ అదే కుండలో పోస్తుంది. నూరడానికి టేమా నుంచి తెచ్చుకున్న మట్టి గిన్నె ఉంది. లోపలంతా గీతలు గీసి కాల్చిన గిన్నె అది. వేరుశనగ గింజల్ని వేయించి, పొట్టు చెరిగి, నూనె ఊరేదాకా నూరి, ఆ ముద్దను విడిగా కాసిని నీళ్ళతో ఉడికిస్తుంది. పైన ఎర్రటి నూనె తేలేదాకా కలుపుతూ నిలబడాలి. తొందరపడితే పచ్చివాసన పోదు. అన్నం మామూలు కంటే ఎక్కువ నీళ్ళతో వండి, చెక్క గరిటెతో కుండ గోడకేసి మెదిపి, చేతులు తడుపుకుంటూ ముద్దలు చుడుతుంది. వెడల్పాటి గిన్నెలో ముద్దలు పెట్టి, వాటి మీద పులుసు పోస్తుంది.

ఆ గిన్నె ఒక్కటే. అన్న, వదిన ఇద్దరూ అందులోంచే తినేవారు. తర్వాత పాప పుట్టి, కూర్చోవడం నేర్చాక, ముగ్గురూ.

"ఒకే గిన్నెలో ముగ్గురేటిరా, ఎంగిలి కాదేటి?" అంది మా అమ్మ.

"అక్కడంతా ఇలగే తింటారమ్మా. ఏరేగా పెట్టుకుంటే పగోళ్ళనుకుంటారు" అన్నాడు అన్న.

"మీరు పగోళ్ళు కాకండి. నాకు మాత్రం పళ్ళెంలో పెట్టు" అంది అమ్మ. తిని, ఇంకో ముద్ద వేయించుకుంది. "ఒలే, పులుసు బాగున్నాది గానీ ఇందులో సింతపండు ఏదే?"

"లేదత్తా."

"సింతపండు లేకపోతే పులుసేటే?"

"పులుసని నానన్లేదత్తా. నువ్వే అన్నావు" అంది వదిన. అన్న పొలమారేదాకా నవ్వాడు.

అలా పులుసు అన్న పేరు మా ఇంట్లో మా అమ్మ పెట్టింది. నేను కొంతకాలం అబద్ధం మొత్తం ఆ పేరు మీదికి నెట్టి తప్పించుకోవాలని చూశాను. పేరులో అబద్ధం లేదు. మా అమ్మకు తెలిసిన మాటతో ఆవిడ పిలుచుకుంది, అంతే.

పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాదే అన్న పోయాడు. సముద్రం మీద కాదు. సెలవుకు ఇంటికి వచ్చి, వానాకాలం జ్వరంతో మా కళ్ళ ముందే పోయాడు. వదిన పాపను తీసుకుని టేమా వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. అమ్మ అయితే మూట కూడా సర్ది పెట్టింది, ఏడుస్తూ.

"ఎల్లను అత్తా. అక్కడికెల్తే పాప కొత్తదైపోతాది. ఇక్కడుంటే నానొక్కదాన్నే కొత్తదాన్ని. నాకు అలవాటైపోయింది. నానే ఉంటాను కొత్తగ" అంది వదిన.

అప్పటికి నా అన్నం కొట్టు పేరుకే ఉంది. నేను వండే కూరలు పక్క కొట్టులోనూ దొరికేవి, ఇంకా రుచిగా. నా భార్య కుట్టు ఫ్యాక్టరీకి పొద్దున పోయి చీకటిపడ్డాక వచ్చేది. వదిన తనే అడిగి కొట్టు వంటగదిలోకి వచ్చింది. మొదట మామూలు కూరలే చేసింది. ఒక ఆదివారం మా కోసం కాచుకున్న పులుసు వాసన కొట్టులోకి వచ్చింది.

అక్కడ కూర్చున్నవాడు మా నాన్నతో రేవులో పనిచేసిన ముసలాయన. మేమంతా మావా అంటాం. భార్య లేదు. రోజూ మా దగ్గరే తింటాడు.

"ఏటొరే ఆ వాసన? దాసుకు తింటన్నారేటి?" అన్నాడు.

ఒక గిన్నెలో వేసి తెచ్చి పెట్టాను. రెండు ముద్దలు మింగి, తల ఎత్తి, "ఎవరిదిరా ఈ వంట?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వంటగదిలో నిలబడి ఉంది. నేను తెరిచిన తలుపు వైపు చూశాను. కొట్టులో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, బర్మా వాళ్ళూ, మన వాళ్ళూ. ఈ ఊళ్ళో మా రంగు చూసి మమ్మల్ని ఒక మాటతో పిలిచేవాళ్ళున్నారు. వదినను ఇంకో మాటతో పిలిచేవాళ్ళున్నారు. మమ్మల్ని ఆ మాటతో పిలిస్తే బాధపడే మా వాళ్ళే, వదిన వెళ్తుంటే ఈ మాట అనుకుని నవ్వేవాళ్ళు. ఆ మాట నా కొట్టులో, నా అన్నం గిన్నె మీద ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను.

"మా నాయనమ్మది మావా. శ్రీకాకుళం వంట" అన్నాను.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. "అవున్రా. మాయమ్మ సేసీది. సరిగ్గా ఇలగే సేసీది" అన్నాడు.

వంటగదిలోకి వెళ్ళేసరికి వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"మీ నాయినమ్మ టేమా ఎప్పుడెల్లినాది బాబూ? ఓడెక్కినాదేటి?"

నేనూ నవ్వాను. "కొట్టు కోసం వదినా. కొన్నాళ్ళే."

"సరే, కొన్నాళ్ళు" అంది.

ఆ తర్వాత నేను అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. మిగిలినదంతా మా వాళ్ళే చెప్పుకున్నారు. మేం మూడు నాలుగు తరాలుగా ఇక్కడున్నవాళ్ళం. అక్కడి ఊళ్ళ పేర్లు కొందరికి తెలుసు, కొందరికి అవీ తెలియవు. అక్కడ ఏం తినేవారో చెప్పగలిగినవాళ్ళంతా పోయారు. ఆ ఖాళీలో ఈ పులుసు వచ్చి కూర్చుంది. రేవు కూలీలు పనిలోకి వెళ్తూ అన్నం ముద్దలు కట్టుకుపోయేవారని ఒకరు చెప్పారు. వేరుశనగ బలమని పూర్వం అందుకే వేసేవారని ఇంకొకరు. తాలింపు లేని, పసుపు లేని, చింతపండు లేని కూరను తింటూ, ఇది మన పాత వంట అని అంతమంది తెలుగువాళ్ళు చెప్పుకున్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్ళను తప్పుపట్టను. పోయినదేదో దొరికిందని వాళ్ళు నమ్మారు. నమ్మించింది నేను.

మా అమ్మ ఒక్కతే ఊరుకోలేదు. "మా అత్త సెనక్కాయల మొకం సూసిందేటిరా? గంజి దొరికితే దండం పెట్టీది. ఆ పిల్ల వండుతాంటే ఆవిడ పేరేటి?" అని పోట్లాడేది. "గట్టిగా అనకమ్మా" అనేవాణ్ణి. అమ్మవారి పండుగకు గుడి హాల్లో ఆ పులుసు వడ్డించాలని పెద్దలు అడిగినప్పుడు, అమ్మను ముందు కూర్చోబెట్టి చేతికి గరిటె ఇచ్చాను. వదిన వెనక, పొయ్యిల దగ్గర. పెద్దలు వచ్చి అమ్మకు దండం పెట్టి, మంచి వంట కాపాడావు తల్లీ అన్నారు. అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మరుసటి ఏడాది తనకు నడుం నొప్పి అని చెప్పి రాలేదు. తర్వాత కొన్నాళ్ళకు అమ్మ పోయింది. ఆవిడతోపాటు నన్ను తిట్టే నోరు కూడా పోయింది.

ఇక పాప సంగతి చెప్పాలి. బడిలో దాన్ని జుట్టు గురించి, రంగు గురించి ఏడిపించేవారు. తల్లి బడి గేటు దగ్గరికి వస్తే దూరంగా నడిచేది. అలాంటి పిల్ల నాయనమ్మ పులుసు దగ్గర మాత్రం తల ఎత్తుకునేది. ఊహ తెలిసినప్పటి నుంచి వీధిలో విన్నదే నమ్మింది, నాయనమ్మ అంటే తన నాయనమ్మ, మా అమ్మే అనుకుంది. స్నేహితురాళ్ళను కొట్టుకు తెచ్చి, ఇది మా నాయనమ్మ వాళ్ళ దేశం వంట అని బర్మా భాషలో గర్వంగా చెప్పేది. వదిన గిన్నెలు తెచ్చి వాళ్ళ ముందు పెట్టేది. ఏమీ అనేది కాదు. పిల్లకు ఆ పులుసు ఒక నీడలా ఉందని, దాన్ని లాగెయ్యడం ఇష్టం లేక ఊరుకుంటోందని నాకు తెలుసు. తెలిసి, ఆ ఊరుకోవడాన్ని నా వాటాకు కలుపుకున్నాను. వదినే ఊరుకుంది కదా, నేనెందుకు చెప్పడం అనుకున్నాను.

పాప పెద్దదైంది. చదువు అయ్యాక నది అవతల తన్లిన్‌లో ఒక గోదాము ఆఫీసులో ఉద్యోగం దొరికింది. రోజూ వంతెన దాటి బస్సులో వెళ్ళి వస్తుంది. తల్లి మాట్లాడే భాషల్లో తెలుగు, బర్మా రెండూ దానికి వచ్చు. టేమా భాష రాదు. అమ్మమ్మతో ఫోనులో చేతులు ఊపడమే తప్ప మాట లేదు.

కిందటేడు వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆ అమ్మమ్మ పోయింది. అక్కడ మనిషి పోయాక వెంటనే సాగనంపరు. చుట్టాలంతా కూడాలి, కొన్ని వారాలు ఆగుతారు, సాధారణంగా శనివారం చేస్తారు. వదినకు వెళ్ళే దారి లేదు. ఉన్న పాస్‌పోర్టు గడువు దాటిపోయింది, కొత్తది చేతికొచ్చేలోపు అన్నీ అయిపోతాయి. "ఇక్కడే పెడతాను అమ్మకి" అంది. అక్కడ సాగనంపే శనివారం ఇక్కడ కొట్టు మూసేశాం. వదిన తెల్లవారే లేచి ఆ పులుసే కాచింది, ఆ ముద్దలే చేసింది. వీధిలోవాళ్ళను పిలిచి, చాపలు పరిచింది. అక్కడ పొద్దున, ఇక్కడ సాయంత్రం. ఉప్పు డబ్బాకు ఫోను ఆనించి పెట్టాం. కరెంటు లేదు. నెట్ వస్తూ పోతూ ఉంది. చిన్న తెరలో, అక్కడ చావుకు కట్టే నల్ల బట్టలూ ఎర్ర బట్టలూ కట్టుకున్న మనుషులు కదిలి, ఆగిపోయి, మళ్ళీ కదిలేవారు. వదిన కూడా ఇక్కడి ఆడవాళ్ళు కట్టే లుంగీల్లో ఎర్ర అంచు నల్లది కట్టుకుంది.

అందరూ తిన్నారు. ముసలాయన చెయ్యి కడుక్కుని వదిన దగ్గరికి వచ్చాడు. మనసులో ఏ చెడూ లేని మనిషి.

"మీ అత్తోరింటి పులుసు మీ అమ్మకి పెట్టినావు. మంచి కోడలివే తల్లీ" అన్నాడు.

వదిన నా వైపు చూసింది. కోపంగా కాదు. ఇక ఇప్పుడైనా చెబుతాడులే అన్నట్టు చూసింది. ఇంతకంటే తగిన సమయం ఉండదని ఇద్దరికీ తెలుసు. నేను నీళ్ళ జగ్గు తీసుకుని పక్కవాడి గ్లాసులో పోశాను.

అప్పుడు పాప అంది, తల్లి భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగానే. "అమ్మా, అమ్మమ్మకి ఆల్ల దేశం వంట ఏదైనా సేసుంటే బాగున్ను కదా. ఇది నాయినమ్మది కదా."

వదిన ఆ చేతి మీద తన చెయ్యి ఒకసారి వేసింది. తర్వాత లేచి అంట్లు తీసుకుని వెనక్కి వెళ్ళింది. ఫోనులో ఇంకా పాటలు వస్తున్నాయి. చూసేవాళ్ళు లేరు. నేను వెళ్ళి ఆపేశాను.

ఆ తర్వాత వదిన కొట్టులో అన్నీ వండింది, ఆ పులుసు తప్ప. చేమాకు కూర చేసింది, ఎండురొయ్యల కారం చేసింది, చికెన్ చేసింది. ఆదివారం వచ్చేసరికి మామూలు పప్పు పెట్టింది. జనం అడిగారు. గింజలు మంచివి దొరకడం లేదన్నాను. ఇంకో ఆదివారం గడిచింది. ఇక లాభం లేదని నేనే కాచాను. ఎన్నో ఏళ్ళు పక్కన నిలబడి చూసినవాణ్ణి. కుండ దించాక చేతికి అలవాటైన పని చేసుకుపోయాను. ఆవాలు, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టాను. రుచి చూసి ఏదో తగ్గిందనిపించి చింతపండు పిండాను. జీవితంలో మొదటిసారి అందులో పులుపు పడింది.

ముసలాయన ఒక ముద్ద తిని గిన్నె జరిపేశాడు. "ఇదేటిరా? ఇది మన పులుసు కాదు" అన్నాడు.

చింతపండు వేసిన పులుసు మన పులుసు కాదు! కొట్టులో నలుగురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. వదిన ఉల్లిపాయలు తరుగుతోంది.

"పాపకి నువ్వు సెప్పొచ్చు కదా వదినా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే సిగ్గేసింది.

కత్తి ఆపలేదు. "నాను సెప్తే నమ్మదు బాబూ. ఊరంతా ఒక మాటంటే, అమ్మ ఒక్కర్తీ ఇంకో మాటంటాది. అమ్మ కల్పించి సెప్తందనుకుంటాది. పోయిన నాయినమ్మది లాక్కుంటందనుకుంటాది. నాకు ఇల్లు లేదు, పొలం లేదు, దానికి ఇయ్యడానికి. మాయమ్మ సేతి వంట ఒక్కటున్నాది. అది తినేటప్పుడల్లా దానికి ఇంకొకరు గుర్తొస్తన్నారు. నువ్వు కట్టినావు, నువ్వే ఇప్పాల."

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ విషయం మా ఇద్దరి మధ్య మాటల్లోకి వచ్చింది అప్పుడే. కొన్నాళ్ళే అని నేను ఆమెతో అన్నది నాకు గుర్తుంది.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం, రోజూ వచ్చేవాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు. పాప సెలవు కావడంతో గల్లా దగ్గర ఉంది. మళ్ళీ ఎవరో పులుసు అడిగారు. నేను బల్లల మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పాలో రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"ఆ పులుసు మా నాయినమ్మది కాదు" అన్నాను. "మా నాయినమ్మకి తెలీదు. శ్రీకాకుళం వంట కాదు. అది మా వదిన ఆల్లమ్మది. టేమా నుంచి వచ్చింది. మొదటిరోజు మావ అడిగితే నాను అబద్దమాడినాను. ఆ తరవాత ఊరుకున్నాను."

ఒకడు "పోన్లే, రుచి రుచే కదా" అన్నాడు. బర్మా ఆయనొకరు ఏం జరిగిందని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ముసలాయన మాత్రం లేచాడు.

"అయితే మాయమ్మ సేసింది ఏటిరా?"

నేను తల దించుకున్నాను.

"నాకు మాయమ్మ మొకం గుర్తులేదురా. నాను నడవడం నేర్సిన కొత్తలో పోయింది. ఆ రోజు నువ్వు సెప్పినాక, తింటాంటే, ఒక సెయ్యి కనిపించింది నాకు. ముద్ద సుడతా. ఇన్నేళ్ళూ అది మాయమ్మ సెయ్యే అనుకున్నాను. ఇప్పుడు ఎవరి సెయ్యి అనుకోమంటావు?"

ఈ ముసలాయనకు నేను ఏం చేశానో ఆ నిమిషం దాకా నేను ఆలోచించనే లేదు. వదిన ఒక్కదానికే బాకీ అనుకున్నాను. ఆయన కర్ర తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. చాలా రోజులు రాలేదు. ఇప్పుడు వస్తున్నాడు గానీ, వదినతో మాట్లాడతాడు, నాతో కాదు.

పాప గల్లా దగ్గరి నుంచి కదలలేదు.

"సిన్నాన్నా, ఆ శనివారం అమ్మతో నేను ఏటన్నానో గుర్తుందా?"

"ఉంది."

"నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"నీళ్ళు పోస్తన్నావు" అంది. గట్టిగా అరిచినా నేను తట్టుకునేవాణ్ణి. అది లేచి వంటగదిలోకి వెళ్ళింది. లోపలి నుంచి పాప గొంతు వినిపించింది. "అమ్మమ్మ ఎన్ని ముద్దలు సేసీదమ్మా? అందరూ ఒకే గిన్నెలోనా?" వదిన ఏదో చెప్పింది. పాప మళ్ళీ అడిగింది. అలా ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది.

నేను బల్లలు తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. అందరూ వెళ్ళిపోయాక వదిన గుమ్మం దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాప ఆమె వెనక నిలబడి ఉంది.

"ఆల్లందరికీ సెప్పినావు బాబూ" అంది వదిన. "నాకేటి సెప్తావు?"

నిజం చెప్పడం, తప్పు ఒప్పుకోవడం ఒకటే అనుకున్నాను అప్పటిదాకా. నలుగురిలో చెప్పేశాను కాబట్టి నా పని అయిపోయిందని, బల్లలు తుడుస్తూ, కాస్త తేలికపడ్డాను కూడా. ఆమె అడిగాక గాని తెలియలేదు, ఆమెతో నేను ఒక్క ముక్క అనలేదని. చేతిలో గుడ్డ కింద పెట్టాను. వాళ్ళమ్మ పేరు పెట్టి మాట్లాడదామని నోరు తెరిచాను. ఆ పేరు నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అదే ముందు అడిగాను. వదిన చెప్పింది. సరిగ్గా పలికేదాకా రెండుసార్లు దిద్దింది. అప్పుడు ఆ పేరుతో మొదలుపెట్టి చెప్పాను.

"ఆవిడ వంట తీసుకెల్లి మా నాయినమ్మకి ఇచ్చేసినాను వదినా. ఆవిణ్ణి సాగనంపిన రోజున నువ్వు నా వంక సూసినావు. నాను సూడనట్టు ఉన్నాను. నీ కూతురు నిన్ను అలగ అడుగుతాంటే కూడా నోరిప్పలేదు. కొట్టు కోసం అనుకున్నాను, పాప కోసం అనుకున్నాను. అదేటీ కాదు. నిన్ను నా పక్కన నిలబెట్టి, ఇది మా వదిన వంట అని పదిమందిలో అనడానికి సిగ్గుపడ్డాను. అన్న ఉంటే నన్ను కొట్టీవోడు. తప్పు నాది వదినా. మీ అమ్మ పట్లా, నీ పట్లా, ఈ పిల్ల పట్లా. నన్ను మన్నించు."